బొగ్గుగని నుండి లిస్బన్ వరకు: జాక్ స్టెయిన్ జీవితము

రాజులను, సేనానులను, కవులను చరిత్ర జ్ఞాపకముంచుకొనును. ఆటగాండ్రను మాత్రము వారి ఆటను కన్నులార చూచినవారు ఉన్నంతకాలమే లోకము తలచును. ఒక తరము గడచినచో ఆ చప్పట్లు అణగిపోవును. పాత పత్రికలలోని అంకెలు మాత్రమే మిగులును. అయినను కొందరి జీవితములు ఆటస్థలపు గీతలను దాటి, ఒక జాతి కష్టసుఖములను, మంచిచెడులను అద్దమువలె చూపును. స్కాట్లండు దేశమున బొగ్గుగని కార్మికుడుగా బ్రతుకు మొదలుపెట్టి, ఫుట్‌బాల్ లోకమున మహాశిక్షకుడుగా పేరొందిన జాక్ స్టెయిన్ జీవితము అట్టిది.

స్కాట్లండు చిన్న దేశము. దాని జనసంఖ్య యాభై లక్షలకు అటునిటుగా మాత్రమే. ఆ దేశపు పశ్చిమభాగమున భూమి కడుపులో బొగ్గు ఉండెడిది. ఆ బొగ్గు మీదనే అచటి పల్లెల పొయ్యి వెలిగెడిది. ఆ గని పల్లెలనుండి ఒకే కాలమున ముగ్గురు మహాశిక్షకులు బయలుదేరినారు. మాంచెస్టర్ యునైటెడ్‌ను తీర్చిదిద్దిన మాట్ బస్బీ ఒకడు. లివర్‌పూల్‌కు ప్రాణము పోసిన బిల్ షాంక్లీ రెండవవాడు. మూడవవాడు స్టెయిన్. మొదటి ఇద్దరును ఇంగ్లండునకు పోయి కీర్తి గడించినారు. స్టెయిన్ మాత్రము తాను పుట్టిన నేలనుండి కొద్ది మైళ్ల దూరముననే తన జీవితములోని గొప్ప కార్యమును నెరవేర్చినాడు. ఆ కార్యము కొరకు అతడు తన వారికిని, పరాయివారికిని నడుమనున్న ఒక పాత గోడను దాటవలసి వచ్చినది.

జాన్ స్టెయిన్ 1922 అక్టోబరు 5వ తేదీన, గ్లాస్గో నగరమునకు ఆగ్నేయమున లానార్క్‌షైరులోని హామిల్టన్ పట్టణమును ఆనుకొనియున్న బర్న్‌బాంక్‌లో జన్మించినాడు. స్కాట్లండులో జాన్ అను పేరుగలవారిని ముద్దుగా జాక్ అని పిలుచుట పరిపాటి. ఆ పిలుపే అతనికి లోకమంతట స్థిరపడినది. తండ్రి గనిలో పనిచేయువాడు. ఆ చుట్టుపట్ల ఇంటింటను మగవారి వృత్తి అదియే. దాపుననున్న బ్లాంటైర్ గనిలో 1877లో జరిగిన పేలుడులో 207 మంది మరణించినారు. స్కాట్లండు గనుల చరిత్రలో అంతకు మించిన ఘోరము లేదు. ఆ ప్రాంతపు పిల్లలు ఆ కథ వినుచునే పెరిగెడివారు. పెరిగి తిరిగి అట్టి గనులలోనికే దిగెడివారు.

స్టెయిన్ 1937లో చదువు ముగించి, కొన్నాళ్లు తివాచీల కర్మాగారమున పనిచేసి, పిమ్మట తండ్రి బాటనే పట్టి గనిలో ప్రవేశించినాడు. భూమికి ఎంతో లోతున దీపపు వెలుగులో పని. పైకప్పు ఎప్పుడు కూలునో, విషవాయువు ఎప్పుడు అంటుకొనునో ఎవరికిని తెలియదు. ప్రక్కవాని జాగ్రత్త మీదనే తన ప్రాణము ఆధారపడియుండును. ప్రక్కవాడు ఏ మతమువాడు, ఏ దేవాలయమునకు పోవును అను ప్రశ్నకు ఆ చీకటిలో అర్థము లేదు. మనిషిని అతని పనిని బట్టి కొలుచుట స్టెయిన్ అచటనే నేర్చుకొన్నాడు. తరువాతి కాలమున తాను చూచిన మనుష్యులందరిలోను గని కార్మికులే శ్రేష్ఠులని అతడు తరచుగా చెప్పెడివాడు. రెండవ ప్రపంచయుద్ధకాలమున బొగ్గు తవ్వుట దేశరక్షణకు అవసరమైన పని గనుక అతడు సైన్యమునకు పోక గనిలోనే ఉండిపోయినాడు.

గనిలో పనిచేయుచునే అతడు ఫుట్‌బాల్ ఆడినాడు. మొదట బ్లాంటైర్ విక్టోరియా అను చిన్న జట్టులో చేరి, 1942లో కోట్‌బ్రిడ్జి పట్టణమునకు చెందిన ఆల్బియన్ రోవర్స్ జట్టుకు మారినాడు. ఆ జట్టు తరఫున అతని తొలి ఆట సెల్టిక్ జట్టుతోనే జరుగుట, అది నాలుగు నాలుగు గోల్స్‌తో సమానముగా ముగియుట తరువాతి చరిత్రకు నాందివలె ఉన్నది. వారమంతయు గనిలో శ్రమించి శనివారము మధ్యాహ్నము మైదానమున దిగుట ఎనిమిదేండ్లపాటు అతని దినచర్య. అతడు రక్షణ పంక్తి నడుమ నిలిచెడివాడు. కుడికాలు అంతగా పలికెడిది కాదు. పరుగున వేగము లేదు. అయితే తలతో బంతిని కొట్టుటలోను, మోకాలితో బంతిని దూరముగా తరుముటలోను, ఆట ఎటు తిరుగబోవునో ముందుగా పసిగట్టుటలోను నేర్పరి. తన లోపమును ఎరిగి, ఉన్న బలమును చక్కగా వాడుకొను గుణము అతనికి సహజము. ఆల్బియన్ రోవర్స్ 1948లో పై తరగతికి ఎక్కి, మరుసటి ఏటనే తిరిగి దిగజారినది. ఓటమి రుచి ఎట్లుండునో అతడు అచట నిండుగా చవిచూచినాడు.

1950లో వేతనముల విషయమై తన జట్టుతో పొసగక, స్టెయిన్ వేల్స్ దేశములోని లానెల్లి పట్టణపు జట్టులో చేరినాడు. వారమునకు 12 పౌన్ల జీతము. ఇరువది ఏడేండ్ల వయసున అప్పటికి గాని అతడు గని విడిచి ఆటనే వృత్తిగా గైకొనలేదు. కాని ఆ జట్టు ప్రధాన లీగులో లేనిది. పేరుప్రతిష్ఠలు గల పత్రికలేవియు దాని ఊసెత్తెడివి కావు. ఇంతలో హామిల్టన్‌లోని అతని ఇంటిలో రెండుమార్లు దొంగలు పడినారు. అతని భార్య జీన్ స్వస్థలమునకు మరలిపోవలెనని పట్టుపట్టినది. స్టెయిన్ ఆటకు స్వస్తిచెప్పి తిరిగి గనిలో దిగుటకు సిద్ధపడినాడు. అతని ఆట అంతటితో ముగిసియుండవలసినదే.

సరిగా ఆ దినములలోనే సెల్టిక్ జట్టునుండి పిలుపు వచ్చినది. ఆ జట్టు రిజర్వు శిక్షకుడు జిమ్మీ గ్రిబెన్ పాత ఆల్బియన్ రోవర్స్ ఆటగాని జ్ఞాపకముంచుకొని అతని పేరు సూచించినాడు. 1951 డిసెంబరులో 1200 పౌన్లకు స్టెయిన్ సెల్టిక్‌లో చేరినాడు. పెద్ద జట్టులో ఆడుటకు గాక, రిజర్వు జట్టులోని కుర్రవారికి తోడుగా, దారిచూపువానిగా ఉండుటకే అతనిని తెచ్చినారు.

ఆ చేరికలోని అంతరార్థము తెలియుటకు గ్లాస్గో నగరపు స్థితి కొంత తెలిసియుండవలెను. పందొమ్మిదవ శతాబ్దమున ఐర్లండులోని కరవులవలన వేలకొలది కాథలిక్కులు ఆ నగరమునకు వలసవచ్చి తూర్పు పేటలలో దరిద్రమున మగ్గుచుండిరి. వారి పిల్లలకు అన్నము పెట్టు ధర్మకార్యమునకై ధనము కూర్చుటకు బ్రదర్ వాల్‌ఫ్రిడ్ అను క్రైస్తవ సన్యాసి 1887లో సెల్టిక్ జట్టును స్థాపించినాడు. దానికి ప్రతియోగిగా రేంజర్స్ జట్టు ప్రొటెస్టెంట్ల అభిమానమును చూరగొన్నది. కాలక్రమమున ఈ రెండు జట్ల పోటీ రెండు మతశాఖల పోటీగా పరిణమించినది. ఏ పాఠశాలలో చదివినావు అని అడిగి మతము తెలిసికొను ఆచారము ఉద్యోగములకు సైతము పాకినది. రేంజర్స్ చాలకాలము కాథలిక్కులను జట్టులో చేర్చుకొనలేదు. సెల్టిక్‌కు అట్టి నిషేధము లేదు. 1936లో మన కలకత్తా నగరపు మహమ్మద్ సలీం పాదములకు కట్లుకట్టుకొని, బూట్లు లేకుండ సెల్టిక్ రెండవ జట్టు తరఫున ఆడి అచటి ప్రేక్షకులను అబ్బురపరచినాడు. అయినను సెల్టిక్ కాథలిక్కుల జట్టుగానే లోకమునకు తెలియును.

స్టెయిన్‌ది ప్రొటెస్టెంట్ కుటుంబము. అతని తండ్రియు, ఇరుగుపొరుగువారును రేంజర్స్ అభిమానులు. అట్టి ఇంటి బిడ్డ సెల్టిక్ చొక్కా తొడుగుట బర్న్‌బాంక్ వీధులలో క్షమింపరాని తప్పుగా తోచినది. చిన్ననాటి స్నేహితులలో కొందరు అతనితో మాట మానివేసినారు. ఆ గాయము లోలోపల ఎంత బాధించినదో గాని, అతడు ఎవరితోడను వాదమునకు దిగలేదు; చేరిన పక్షమును విడువలేదు; పుట్టిన ఊరిని దూషింపలేదు.

సెల్టిక్‌లో అదృష్టము విచిత్రముగా వరించినది. పెద్ద జట్టులోని రక్షకులు ఒకరి తరువాత ఒకరు గాయపడుటచే స్టెయిన్‌కు చోటు దొరికినది. దొరికిన చోటును అతడు మరల విడువలేదు. ఉపనాయకుడైనాడు. నాయకుడైన షాన్ ఫాలన్ చేయి విరుగగా నాయకత్వమును అతనికి దక్కినది. 1953లో రాణి ఎలిజబెత్ పట్టాభిషేక సందర్భమున ఇంగ్లండు, స్కాట్లండు దేశముల ప్రముఖ జట్లకు పోటీ జరిపినారు. సెల్టిక్ మొదట ఆర్సెనల్‌ను, పిమ్మట మాంచెస్టర్ యునైటెడ్‌ను, తుదకు హిబర్నియన్‌ను ఓడించి ఆ కప్పును గెలిచినది. 1953-54లో లీగును, స్కాటిష్ కప్పును రెండింటిని చేజిక్కించుకొన్నది. 1914 తరువాత సెల్టిక్ ఒకే ఏట ఈ రెంటిని గెలుచుట అదియే మొదలు. రెండేండ్లకు పూర్వము ఆట మానదలచినవాడు దేశపు ఉత్తమ జట్టుకు నాయకుడై నిలిచినాడు.

ఆ విజయమునకు బహుమానముగా సెల్టిక్ అధ్యక్షుడు రాబర్ట్ కెల్లీ ఆటగాండ్రను 1954 ప్రపంచకప్ పోటీలు చూచుటకు స్విట్జర్లండు తీసికొనిపోయినాడు. అచట పుష్కాష్ మొదలగు హంగేరీ ఆటగాండ్ర విన్యాసము స్టెయిన్ కన్నులు తెరిపించినది. ఆటలో బలమునకన్న ఆలోచన గొప్పదని అతడు గ్రహించినాడు. అంతలో 1955 ఆగస్టున రేంజర్స్‌తో జరిగిన ఆటలో చీలమండ దెబ్బతిన్నది. ఆ గాయము పూర్తిగా మానలేదు. 1957 జనవరిలో అతడు ఆటనుండి విరమించినాడు. జీవితాంతము కొంచెము కుంటుచునే నడచినాడు.

ఆటగానిగా అతని చరిత్ర అంతటితో సరి. కాని అసలు కథ అప్పుడే మొదలైనది. కెల్లీ అతనికి రిజర్వు జట్టు శిక్షణ ఒప్పగించినాడు. బిల్లీ మక్నీల్ మొదలగు కుర్రవారు అతని చేతిలో రూపుదిద్దుకొన్నారు. ఆటస్థలమున బంతి లేకుండ గంటలకొలది పరుగెత్తించుట ఆనాటి శిక్షణ. స్టెయిన్ బంతితోనే సాధన చేయించినాడు. బల్లమీద గీతలు గీచి ఆట మర్మము విప్పిచెప్పినాడు. అయితే సెల్టిక్‌కు అప్పటివరకు మేనేజర్లయినవారందరును కాథలిక్కులే. ఆ పదవి ప్రొటెస్టెంటునకు లభించుననెడి ఆశ స్వల్పము. అందుచే 1960 మార్చిలో అతడు డన్‌ఫర్మ్‌లిన్ జట్టుకు మేనేజరుగా వెళ్లినాడు.

డన్‌ఫర్మ్‌లిన్ అప్పటికి లీగులో అడుగున పడి క్రింది తరగతికి జారుటకు సిద్ధముగానున్నది. ఇంక ఆరు ఆటలు మాత్రమే మిగిలినవి. స్టెయిన్ వచ్చిన పిమ్మట ఆరింటికి ఆరును గెలిచి ఆ జట్టు గట్టెక్కినది. మరుసటి ఏట, 1961లో, స్కాటిష్ కప్ తుదిపోటీకి చేరినది. ఎదుటిపక్షము సెల్టిక్! మొదటి ఆట సమానమై, మరల ఆడిన ఆటలో డన్‌ఫర్మ్‌లిన్ రెండు గోల్స్‌తో గెలిచినది. తనకు నీడనిచ్చిన జట్టునే ఓడించి స్టెయిన్ తన పేరు దేశమంతట మారుమ్రోగునట్లు చేసినాడు. తరువాత యూరపు పోటీలలో స్పెయిన్ దేశపు వాలెన్సియా చేతిలో నాలుగు గోల్స్ తేడాతో ఓడి, స్వస్థలమున ఆరు గోల్స్‌కు రెండుగా గెలిచి సరిసమానము చేసినది. చిన్న ఊరి జట్టు పెద్ద జట్లకు భయపడనక్కరలేదని ఆ ఆట చాటినది.

నేర్చుకొనుటకు అతడు ఎన్నడును సిగ్గుపడలేదు. 1963లో ఇటలీకి పోయి, మిలాన్ నగరపు ఇంటర్ జట్టుకు శిక్షకుడైన హెలెనియో హెరేరా పద్ధతులను దగ్గరనుండి పరిశీలించినాడు. ఆ హెరేరాతోనే ఒకనాడు తలపడవలసి వచ్చునని అప్పుడు తలచియుండడు. 1964లో ఎడిన్‌బరోలోని హిబర్నియన్ జట్టు అతనిని పిలిచినది. అక్కడ ఒక యేడైనను నిండకముందే, సెల్టిక్ తన తలుపు తెరచినది.

సెల్టిక్ అప్పటికి ఏడెనిమిదేండ్లుగా పెద్ద విజయమేదియు లేక కృశించియున్నది. జట్టులో ఎవరిని ఆడించవలెనన్నది అధ్యక్షుడు కెల్లీ నిర్ణయించుట ఆ సంస్థలో ఆచారము. జట్టు ఎంపిక తన చేతిలోనే ఉండవలెనని స్టెయిన్ స్పష్టముగా కోరినాడు. కెల్లీ అంగీకరించినాడు. 1965 మార్చిలో స్టెయిన్ సెల్టిక్ చరిత్రలో నాలుగవ మేనేజరుగా, తొలి ప్రొటెస్టెంట్ మేనేజరుగా బాధ్యత స్వీకరించినాడు. ఏడువారములు గడువకముందే, ఏప్రిల్ 24న, సెల్టిక్ స్కాటిష్ కప్పును గెలిచినది. ఓడిపోయినది డన్‌ఫర్మ్‌లిన్! విజయమునకు కారణమైన గోల్ తలతో కొట్టినవాడు అతని పాత శిష్యుడు మక్నీల్. మరుసటి ఏట పన్నెండేండ్ల తరువాత లీగు సెల్టిక్ వశమైనది.

అతని పద్ధతిలో మంత్రతంత్రములు లేవు. సూటుబూటుతో కార్యాలయమున కూర్చుండు మేనేజర్ల కాలమున అతడు శిక్షణదుస్తులతో మైదానమున ఆటగాండ్రతోపాటు నిలిచెడివాడు. ఎవడు ఏ చోట రాణించునో కనిపెట్టి ఆ చోట నిలిపెడివాడు. రక్షకులు సైతము ముందుకు పోయి దాడిలో పాల్గొనవలెనని నేర్పినాడు. ప్రేక్షకులు లేనిదే ఆట లేదని, కష్టపడి సంపాదించిన డబ్బుతో టిక్కెట్టు కొన్న కార్మికుని నిరాశపరచుట ద్రోహమని అతని నమ్మకము. మద్యము ముట్టనివాడు. ఆటగాండ్ర అలవాట్లమీద డేగకన్ను వేసియుంచెడివాడు. అతని కోపము తీవ్రమైనది, మాట కరకైనది, అతని ముందు నిలువ జంకని ఆటగాడు లేడు. మతము అడిగి ఆటగాని ఎన్నడును ఎన్నుకొనలేదు. కాథలిక్ కుర్రవానిని ఎదుటివారు ఎట్లును తీసికొనరు గనుక ప్రొటెస్టెంటును ముందుగా చేర్చుకొనుటే తెలివియని ఎగతాళిగా చెప్పెడివాడు. ఆ ఎగతాళిలో ఎదుటివారి సంకుచితత్వము తేటతెల్లమగుచుండెను.

1966-67 సంవత్సరము సెల్టిక్ చరిత్రలో స్వర్ణాక్షరములతో వ్రాయదగినది. ఆ ఏట పాల్గొన్న ప్రతి ముఖ్యపోటీని ఆ జట్టు గెలిచినది. లీగు, స్కాటిష్ కప్, లీగ్ కప్, గ్లాస్గో కప్ చేతికి వచ్చినవి. మిగిలినది యూరోపియన్ కప్. యూరపులోని ఆయా దేశముల విజేతలు తలపడు ఆ పోటీ 1955లో మొదలైనది. అప్పటివరకు స్పెయిన్, పోర్చుగల్, ఇటలీ దేశముల జట్లకే అది దక్కినది. బ్రిటనునుండి ఏ జట్టును తుదిపోటీకి సైతము చేరలేదు. సెల్టిక్ స్విట్జర్లండుకు చెందిన జూరిక్‌ను, ఫ్రాన్సుకు చెందిన నాంట్‌ను, యుగోస్లావియాకు చెందిన వోయ్‌వోదినాను, చెకోస్లోవాకియాకు చెందిన డుక్లా ప్రాగ్‌ను దాటి 1967 మే 25న లిస్బన్ నగరమున తుదిపోటీకి నిలిచినది. ఎదుట హెరేరాగారి ఇంటర్.

ఇంటర్ 1964లోను, 1965లోను ఆ కప్పును గెలిచిన జట్టు. ఒక్క గోల్ చేసి, ఆపై తలుపుకు గడియ వేసినట్లు గోల్ ముందు గుమిగూడి ఆధిక్యమును కాపాడుకొనుట దాని పద్ధతి. ధనము వెచ్చించి ఏర్చికూర్చిన ఆటగాండ్రు దానికి ఉన్నారు. సెల్టిక్ పదునొకండుగురును తమ మైదానమునకు ముప్పది మైళ్ల లోపల పుట్టినవారే. గోల్‌కీపర్ రానీ సింప్సన్ ముప్పది ఆరేండ్లవాడు. వారిలో కాథలిక్కులును, ప్రొటెస్టెంట్లును కలిసియున్నారు.

ఏడవ నిమిషముననే పెనాల్టీ లభించి మజోలా గోల్ చేసినాడు. ఇంటర్ తలుపుకు గడియ వేసినది. సెల్టిక్ ఆగలేదు. అలవలె వచ్చి, విరిగి, మరల వచ్చినది. బంతి రెండుమార్లు గోల్ పైకమ్మికి తగిలినది. ఇటలీ గోల్‌కీపర్ సార్తి ఎన్నో బంతులను ఆపినాడు. 63వ నిమిషమున రక్షకుడైన టామీ గెమ్మెల్ దూరమునుండి పిడుగువలె బంతిని కొట్టి లెక్క సరిచేసినాడు. గురువు నేర్పిన పాఠము ఫలించినది: రక్షకుడే దాడిచేసినాడు. 84వ నిమిషమున స్టీవీ చామర్స్ రెండవ గోల్ చేసినాడు. యూరోపియన్ కప్ తొలిసారిగా ఉత్తర యూరపునకు, బ్రిటనునకు వచ్చినది. పాతమిత్రుడు షాంక్లీ లిస్బన్‌కు వచ్చి ఆ ఆట చూచి అభినందించినాడు. ఆ పదునొకండుగురు లిస్బన్ సింహములను పేరున నేటికిని ప్రసిద్ధులు.

ఆ పిమ్మట 1966 నుండి 1974 వరకు వరుసగా తొమ్మిదేండ్లు లీగు సెల్టిక్‌దే. 1970లో యూరోపియన్ కప్ ఉపాంత్యమున ఇంగ్లండు జట్టు లీడ్స్‌ను రెండుమార్లును ఓడించినది. గ్లాస్గోలోని హాంప్‌డెన్ మైదానమున ఆ ఆటను 1,36,505 మంది చూచినారు. కాని మిలాన్ నగరమున జరిగిన తుదిపోటీలో నెదర్లాండ్స్ జట్టు ఫైనూర్ట్ చేతిలో రెండు గోల్స్‌కు ఒకటిగా ఓడిపోయినది.

గదమాయించు గురువులో ఆటగాని మనసెరిగిన తండ్రి కూడ ఉన్నాడు. చిన్నపాటి దేహముతో బంతిని తన పాదములకు అంటించుకొన్నట్లు ఆడు జిమ్మీ జాన్‌స్టన్‌కు విమానప్రయాణమన్న గుండెదడ. 1968లో బెల్‌గ్రేడ్ నగరపు రెడ్ స్టార్ జట్టుతో స్వస్థలమున ఆట జరుగుచుండగా, సగము ఆటకు లెక్క సమానముగానున్నది. నాలుగు గోల్స్ తేడాతో గెలిచినచో తిరుగు ఆటకు విమానమెక్కనక్కరలేదని స్టెయిన్ అతనికి మాట ఇచ్చినాడు. రెండవ సగమున జాన్‌స్టన్ చెలరేగి ఆడినాడు. ఆట అయిదు గోల్స్‌కు ఒకటిగా ముగిసినది. గురువు మాట నిలుపుకొన్నాడు.

అతని జీవితములో ఆటకు మించిన ఘట్టములును కలవు. 1971 జనవరి 2న ఇబ్రాక్స్ మైదానమున రేంజర్స్, సెల్టిక్ ఆట ముగిసి జనము దిగిపోవుచుండగా మెట్లమీద త్రొక్కిసలాటలో 66 మంది రేంజర్స్ అభిమానులు మరణించినారు. స్టెయిన్ తన జట్టును విడిచి మైదానమున గాయపడినవారిని మోసినవారితో కలిసి సేవచేసినాడు. ఆ రాత్రి ఎవరు ఏ రంగు కట్టినారన్న భేదమునకు తావులేదు. గని ప్రమాదములను ఎరిగినవానికి ఇట్టి దుఃఖము కొత్తది కాదు. 1972లో స్టర్లింగ్ పట్టణమున ఒక ఆట జరుగుచుండగా సెల్టిక్ అభిమానులు మతద్వేషము నిండిన పాటలు ఎత్తుకొన్నారు. స్టెయిన్ తిన్నగా ఆ గుంపులోనికి దూకి, పాటలు ఆపుమని మందలించినాడు. ఎదుటిపక్షపు ద్వేషమును ఖండించుట సులభము. తన పక్షమువారి ద్వేషమును వారి ముఖముననే ఖండించుట అందరివలన కాదు.

1975 జూలైలో సెలవునుండి తిరిగివచ్చుచుండగా, తప్పుదారిన ఎదురువచ్చిన కారు అతని కారును ఢీకొన్నది. అతడు చావు తప్పి బ్రతికినాడు. ఒక సంవత్సరము పనికి దూరమైనాడు. తిరిగివచ్చి 1977లో లీగును, కప్పును గెలిపించినను పూర్వపు సత్తువ మరల రాలేదు. ఆ ఏటనే ఉత్తమ శిష్యుడు కెన్నీ డాల్‌గ్లిష్ లివర్‌పూల్‌కు వెళ్లిపోయినాడు. 1978లో సెల్టిక్ మేనేజరు పదవినుండి అతడు తొలగినాడు. ఆ స్థానమునకు మక్నీల్ వచ్చినాడు. పదమూడేండ్లలో పది లీగు విజయములు, ఎనిమిది స్కాటిష్ కప్పులు, ఆరు లీగ్ కప్పులు, ఒక యూరోపియన్ కప్ అతడు ఆ సంస్థకు సమకూర్చినాడు. అంత చేసినవానికి సెల్టిక్ పెద్దలు చూపిన గౌరవము, ధనము సమకూర్చు ఒక విభాగపు పెత్తనము. అతడు దానిని అంగీకరింపక, లీడ్స్‌లో నలువది నాలుగు దినములు పనిచేసి, అదే ఏడు అక్టోబరులో స్కాట్లండు జాతీయ జట్టు మేనేజరైనాడు.

ఆ పదవిలో అతడు 1982 ప్రపంచకప్‌నకు స్కాట్లండును చేర్చినాడు. 1984-85లో బ్రిటిషు గని కార్మికుల దీర్ఘసమ్మె సమయమున అతడు తన సానుభూతిని దాచుకొనలేదు. వారి సహాయనిధికి ధనమిచ్చినాడు. పదవులు, బిరుదులు వచ్చినను తాను గనినుండి వచ్చినవాడనన్న సంగతి మరువలేదు.

1985 సెప్టెంబరు 10న కార్డిఫ్ నగరమున వేల్స్‌తో ఆట. 1986 ప్రపంచకప్ ఆశ నిలుపుకొనవలెనన్న స్కాట్లండు ఓడరాదు. మొదట వేల్స్ గోల్ చేసినది. 81వ నిమిషమున లభించిన పెనాల్టీని డేవీ కూపర్ గోల్ చేసి లెక్క సమానము చేసినాడు. ఆట ముగియు సమయమున, మైదానపు అంచున నిలిచిన స్టెయిన్ కుప్పకూలినాడు. లోపలి వైద్యగదిలో అతని గుండె ఆగిపోయినది. వయస్సు 62. కావలసిన ఫలితము లభించినది. దానిని తెచ్చినవాడు మాత్రము ఇంటికి రాలేదు. వెలుపల వేలకొలది అభిమానులు సంబరము మరచి మౌనముగా నిలిచిపోయినారు. అతనికి సహాయకుడుగానున్న అలెక్స్ ఫెర్గూసన్ ఆ దుఃఖములోనే జట్టు భారము తలకెత్తుకొన్నాడు.

గ్లాస్గోలో అతని అంతిమయాత్ర సాగిన దారి పొడవున జనము నిలిచినారు. సెల్టిక్ మైదానమున ఒక ప్రేక్షకశాలకు అతని పేరు పెట్టినారు. 2011లో వెలుపల కంచువిగ్రహము నిలిపినారు. ఆ విగ్రహము చేతిలో యూరోపియన్ కప్ ఉన్నది.

కాని స్టెయిన్ అందించినది ఆ కప్పు ఒక్కటియే కాదు. సొంతవారు మాట మానినను ద్వేషము పెంచుకొనలేదు. చేరిన చోట మెప్పు కొరకు పుట్టిన చోటును నిందింపలేదు. పేరొందిన ఆటగాండ్రను కొనితెచ్చుట కాక, తన ఇరుగుపొరుగు పిల్లలలోని శక్తిని వెలికితీసి లోకమునకు చూపినాడు. గనిలోని దీపము చుట్టునున్న చీకటినంతటిని తరుమలేదు. కాని ప్రక్కవాని ముఖము కనబడునంత వెలుగునిచ్చును. జాక్ స్టెయిన్ తన నగరమునకు ఇచ్చినది అట్టి వెలుగు.